మొదటి వద్దు లెక్కలోకి రాదు

రాటర్‌డామ్‌లో నాకు రావాల్సిన పెద్ద ఉద్యోగం నా నోటి దురుసు వల్లే పోయిందని మా అన్న చెబుతాడు. పెళ్ళిళ్ళలో చెబుతాడు, పరామర్శకి వెళ్ళిన ఇళ్ళలోనూ చెబుతాడు. తెనాలి నుంచి బెజవాడ వెళ్ళే రైల్లో పక్క సీటాయన మాటవరసకి "మీ చెల్లెలుగారు ఏం చేస్తుంటారండి?" అంటే చాలు, దుగ్గిరాల వచ్చేలోపు నన్ను ఉద్యోగంలో చేర్పించి, కృష్ణా కెనాల్ దాటేలోపు పీకించేస్తాడు. ఆయనగారి దగ్గర సాక్ష్యం కూడా ఉంది, ఫోన్లో ఒక ఫోటో. తెనాలి స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీద నేను వేలెత్తి నిలబడి ఉంటాను. నా ఎదురుగా ఆరడుగుల తెల్లావిడ నోరు తెరుచుకుని ఉంటుంది. "చూడండి, బాసుకే వేలు చూపిస్తోంది. ఇక ఉద్యోగం ఉంటుందాండి?" అంటాడు. చూసినవాళ్ళు ఫోటో వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, ఉండదులెండి అన్నట్టు తలాడిస్తారు.

నా నోరు మంచిదని నేనెప్పుడూ అనలేదు. నేను వీధి మలుపు తిరగటం చూసి కూరగాయల బండివాడే "అక్కా, మీ రేటు మీకే, అరవకండి" అంటాడు. కానీ ఆ ఉద్యోగం నోటివల్ల పోలేదు. బతుకు మొత్తంలో ఒకే ఒక్కసారి మర్యాదగా మాట్లాడాను, దాంతో పోయింది. ఈ తేడా మావాళ్ళెవరికీ పట్టదు. అందుకే రాస్తున్నాను.

మాది తెనాలి. అబ్బా రేపల్లెలో బియ్యం బ్రోకరు. అబ్బా అంటే మా ఇంట్లో నాన్న. పక్కింటివాళ్ళకి మాత్రం అది దెబ్బ తగిలినప్పుడు అరిచే మాట. ఆ ఇంట్లో కొత్తగా దిగినప్పుడు నేను నాన్నని పిలిచినప్పుడల్లా పక్కింటి పిన్నిగారు "ఏమైందే తల్లీ?" అని పరుగెత్తుకొచ్చేది. అబ్బా పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కి, మిల్లులన్నీ తిరిగి, సాయంత్రానికి చొక్కా జేబులో కాగితం పొట్లాలతో ఇంటికొచ్చేవాడు. పొట్లానికో రకం బియ్యం. గింజని పంటి కింద పెట్టి కొరికి, ఆరిందో లేదో, పాతదో కొత్తదో చెప్పాలి. మిగతా పిల్లలు చింతపిక్కలాడుకుంటుంటే నేనూ మా అన్నా బియ్యం కొరికేవాళ్ళం. మా అన్న ఎప్పుడూ తప్పే చెప్పేవాడు. ఆ కోపం ఇంకా తీరలేదేమో.

బాపట్లలో తిండిగింజల్ని పరీక్ష చేసే చదువు చదివాను. ఆ చదువు నన్ను తీసుకెళ్ళి రాటర్‌డామ్‌ రేవులో పడేసింది. బియ్యం కొనే కంపెనీ, దానికో లాబ్. ఓడలో వచ్చిన బియ్యాన్ని నల్ల పళ్ళెంలో పోసి, నూకెంత, రంగు మారిన గింజలెన్ని, తేమెంత అని చూడటం నా పని. అబ్బా చొక్కా జేబుతో చేసిన పనే. తెల్లకోటు వేసుకుని చేస్తే దాన్ని కెరీర్ అన్నారు.

ఇప్పుడు అసలు జబ్బు గురించి చెప్పాలి. మా ఇంట్లో దాన్ని తకల్లుఫ్ అంటారు, గడప దాటితే మొహమాటం అంటారు. పేరు ఉర్దూదైనా తెలుగుదైనా జబ్బు ఒకటే. నాకు రెండు వైపుల నుంచీ అంటింది. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి. రెండోసారి అడిగితే "ఇప్పుడే తినొచ్చానండి" అనాలి. మూడోసారి అడిగితే "మీరింతగా అంటున్నారు కాబట్టి కొంచెం" అని, ఆ తర్వాత ఎంతైనా లాగించొచ్చు. అమ్మీ, అంటే మా అమ్మ, ఓ మూల కూర్చుని కళ్ళతోనే లెక్కపెట్టేది. మొదటిసారికే చెయ్యి చాపామా, ఇంటికొచ్చాక "పిల్లలకి ఇంట్లో తిండి పెట్టట్లేదనుకోరూ?" అని ఉర్దూలో మొదలుపెట్టి, కోపం చాలకపోతే తెలుగులోకి దిగేది.

బాపట్లలో చదివేటప్పుడు పొద్దుటి రైలు దిగి నా స్నేహితురాలి ఇంటి మీదుగా కాలేజీకి వెళ్ళేదాన్ని. పొలాలున్న ఇల్లు, పొయ్యి ఆరని ఇల్లు. వాళ్ళమ్మగారు వంటింట్లోంచే కేకేసేది.

"టిఫిన్ చేశావటే అమ్మాయ్?"

"అయిందండి పిన్నిగారూ."

"ఏం తిన్నావేంటి?"

"ఇడ్లీ అండి."

"తెల్లారకుండా రైలెక్కినదానివి, మీ అమ్మ ఇడ్లీ ఎప్పుడేసిందే? నిద్రలో వేసిందా?" అనేలోపే పెసరట్టు నా పళ్ళెంలో పడేది.

ఆవిడ అడగటానికి ముందే పెనం మీద పిండి సుయ్యిమన్న చప్పుడు నాకు వినిపించేది. ఆ చప్పుడు విన్నాకే ధైర్యంగా వద్దనేదాన్ని. ఇందులో మోసమేమీ లేదు. నాది అబద్ధమని ఆవిడకి తెలుసు, ఆవిడకి తెలుసని నాకు తెలుసు. నా మర్యాద నాకు దక్కేది, ఆవిడ పుణ్యం ఆవిడకి దక్కేది, పెసరట్టు ఎలాగూ నాదే.

రాటర్‌డామ్‌లో మొదటి రోజు, లాబ్‌లో నాతో పనిచేసే పోలండ్ కుర్రాడు ట్రే పట్టుకొచ్చి "కాఫీ?" అన్నాడు. "నో, థాంక్యూ" అన్నాను. వెళ్ళిపోయాడు. ఇంకోసారి వస్తాడు కదా అని తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. రాలేదు. మర్నాడూ అదే వరస. ఆ తర్వాత నా బల్ల దగ్గర ఆగటమే మానేశాడు. "నువ్వు తాగవు కదా" అన్నాడు, ఎంతో గౌరవంగా. కాఫీ వాసనకి నిద్రలేచే తెనాలిలో పుట్టి, ఆ వారమంతా పంపునీళ్ళు తాగి బతికాను. సోమవారం అతను తలుపు తీసీ తీయకముందే "యస్!" అని అరిచాను. పాపం, ట్రే వొణికింది.

అక్కడ కాఫీతో పాటు బిస్కెట్ల డబ్బా కూడా వస్తుంది. ఒకటి తీసుకోగానే మూత టప్పున పెట్టేస్తారు. పిసినారితనమని మొదట్లో తిట్టుకున్నాను. తర్వాత అర్థమైంది. ఒకటి తీసుకున్నావంటే నీకు ఒకటే కావాలన్నమాట. నీకేం కావాలో నీకే తెలుసు, నువ్వు చెబితే మేం వింటాం. వాళ్ళ పద్ధతి అంతే. కాఫీ వరకు ఆ పద్ధతి నేర్చుకున్నాను. నేర్చేసుకున్నాననే అనుకున్నాను.

నా నోటికి ఆ ఊళ్ళో దక్కిన గౌరవం ఇంకెక్కడా దక్కలేదు. బియ్యం కొనుగోళ్ళన్నీ చూసే పెద్దావిడ ఉండేది. వానలో కూడా సైకిల్ మీద ఆఫీసుకొచ్చే మనిషి. అందరూ ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు, నాకు నోరు రాక మేడమ్ అనేదాన్ని. "నేను నీ స్కూలు టీచర్ని కాదు" అని ఒకటి రెండుసార్లు చెప్పి, విసిగి వదిలేసింది. ఒకసారి ఒక ఏజెంటు కొత్త బియ్యాన్ని పాతవని అంటగట్టబోయాడు. నాలుగు గింజలు కొరికి, ఇవి కొత్తవన్నాను. అతను ఫోన్లో సర్టిఫికెట్ చూడమని గోల. "చూశాను బాబూ. కాగితం పాతదే, బియ్యమే కొత్తవి" అన్నాను. పక్కనే నిలబడ్డ మేడమ్ పగలబడి నవ్వింది. వండి చూస్తే అన్నం ముద్ద కట్టింది. "మొహం మీద చెప్పేవాళ్ళే నాకు కావాలి" అంది. తెనాలిలో గయ్యాళితనం అన్నదాన్ని అక్కడ నిజాయితీ అన్నారు. నేనూ కాదనలేదు.

అలాంటి రోజుల్లో లాబ్ పెద్దాయన రిటైర్ అవుతున్నాడన్న మాట బయటికొచ్చింది. ఆయన కుర్చీ నాకు కావాలి. ఎంత కావాలంటే, ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక అందులో కూర్చుని చూశాను. కాళ్ళు నేలకి ఆనలేదు. ఎత్తు కాస్త తగ్గించుకోవాలి అనుకున్నాను. ఫోన్లో అబ్బాకి చెప్పాను. అబ్బా రేపల్లెలో సగం మిల్లులకి చెప్పేశాడు. రాటర్‌డామ్‌లో కాగితమైనా రాకముందే రేపల్లెలో నేను మేనేజరునైపోయాను.

మేడమ్ నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చింది. ఉపోద్ఘాతం లేదు, బాగున్నావా లేదు.

"వచ్చే నెల నుంచి లాబ్ నువ్వు చూసుకుంటావా?"

"అయ్యో, నేనెందుకండి మేడమ్! నాకంటే పెద్దవాళ్ళున్నారు కదా."

అన్నది ఇంగ్లీషులోనే. ఆ మాట తయారైంది మాత్రం బాపట్లలో, పెసరట్టు ఎదురుగా.

"ఓకే" అంది మేడమ్. "తేల్చి చెప్పావు, థాంక్స్." వెళ్ళిపోయింది.

ఓకే ఏంటి? పెనం మీద పిండి పోశాక ఓకే అనేవాళ్ళుంటారా? రెండోసారి అడుగుతుందని ఎదురుచూశాను. పని లేకపోయినా ఆవిడ గది ముందు నుంచి తిరిగాను. చివరికి ఒకరోజు "ఆ పోస్టులో పని చాలా ఎక్కువేమోనండి" అని కదిలించి చూశాను. "చాలా ఎక్కువ. నువ్వు వద్దనటం తెలివైన పని" అని మెచ్చుకుంది.

ఆ శుక్రవారం పోలండ్ కుర్రాడు కేకు పట్టుకొచ్చాడు. ఆ ఊళ్ళోనూ మన దగ్గరలాగే మంచి జరిగినవాళ్ళే తీపి పంచాలి. ఆ కేకు ఎందుకో అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. అతన్ని అడిగినప్పుడు ఆవిడ మాట పూర్తి కాకముందే సరేనన్నాడట. పాత బియ్యానికీ కొత్త బియ్యానికీ తేడా తెలియని మనిషి! నా దగ్గరికి వచ్చి "కేకు తింటావా?" అన్నాడు.

"తింటాను. పెద్ద ముక్క పెట్టు" అన్నాను. అప్పటికి బుద్ధొచ్చింది.

నువ్వే వెళ్ళి అడగొచ్చుగా అని ఈ కథ సరిగ్గా విన్నవాళ్ళందరూ అంటారు. వినటానికి తేలికే. బియ్యం గురించి ఎవరితోనైనా ఎంతసేపైనా పోట్లాడతాను. బియ్యం నావి కావు. నాకు కావాలి అని నోరు తెరిచి అడగటం ఎవరు నేర్పారండి నాకు? అమ్మీ నేర్పిందా, బాపట్ల పిన్నిగారు నేర్పిందా? పైగా ఒకసారి వద్దన్నాక మళ్ళీ వెళ్ళి అడిగితే ఇల్లు దాటి రోడ్డెక్కాక వెనక్కొచ్చి "ఆ అట్టు ఇలా పెట్టండి" అన్నట్టుంటుంది. మా జిల్లాలో ఆ పని చేసిన మనిషిని చూపిస్తే అప్పుడు ఒప్పుకుంటాను.

పంటలొచ్చే కాలానికి మేడమ్ మిల్లులు చూడటానికి మన వైపు వచ్చింది. దారి చూపించేదాన్ని నేనే. రేపల్లెలో కారు దిగీ దిగగానే ఒక మిల్లు యజమాని చేతులు జోడించి "రండి రండి, మేనేజరమ్మగారూ!" అన్నాడు, ఆవిడతో కాదు, నాతో. అబ్బా పక్కనే తల నిమురుకుంటూ ఆకాశం వంక చూస్తున్నాడు.

"ఏమంటున్నారు?" అంది మేడమ్.

"నమస్తే అంటున్నారు" అన్నాను.

మధ్యాహ్నం తెనాలిలో మా ఇంట్లో భోజనం. అమ్మీ బగారా అన్నం, గోంగూర మాంసం, దాల్చా చేసింది. మేడమ్ కింద కూర్చోలేక పీట మీద కూర్చుని, కారానికి ముక్కు తుడుచుకుంటూనే ఇష్టంగా తింది. పళ్ళెం ఖాళీ అవగానే "నో, థాంక్యూ" అంది. అమ్మీ ఇంకో గరిటె వేసింది.

"వద్దంటోంది కదమ్మీ" అన్నాను.

"ఎక్కడంది? ఒకసారేగా అంది."

మేడమ్ ఈసారి రెండు చేతులూ పళ్ళానికి అడ్డం పెట్టింది. "ఇది రెండోసారి" అంటూ అమ్మీ ఆవిడ వేళ్ళ సందులోంచి ఒక మాంసం ముక్క జారవిడిచింది. మా అన్న పొలమారి దగ్గాడు.

"మీ అమ్మగారు ఏమంటున్నారు?" అంది మేడమ్.

"మీరింకా రెండుసార్లే వద్దన్నారంటోంది."

"ఎన్నిసార్లు అనాలి?"

"మూడు. మొదటి వద్దు లెక్కలోకి రాదండి."

"ఎందుకు రాదు?"

"అది మర్యాదకి అనేది."

ఆవిడకి అది బాగా నచ్చింది. చివర్లో ఫిర్నీ పాయసం గిన్నె రాగానే వేళ్ళు మడుస్తూ "నో, నో, నో" అంది.

"మూడూ ఒక్క ఊపిరిలో అంటే ఒకటే లెక్కని చెప్పవే" అంది అమ్మీ. చెప్పాను. మేడమ్ నవ్వింది, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, చెంచా కిందపెట్టి నా వంక చూసింది.

"ఆ రోజు నువ్వు నాకు ఎన్నిసార్లు వద్దన్నావు?"

ఇద్దరి మధ్యా మాటల్ని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చేదాన్ని నేనే. తప్పించుకోవడానికి ఇంకో మనిషి లేడు.

"ఒకసారి" అన్నాను.

"ఏమంటోందే?" అంది అమ్మీ.

"ఫిర్నీ బాగుందంటోంది."

సాయంత్రం చెన్నై రైలుకి ఆవిడని ఎక్కించడానికి స్టేషన్‌కి వెళ్ళాం. రైలు లేటన్నారు. మా అన్న పెట్టె దింపి, నీళ్ళ సీసా కొనడానికి దుకాణం దాకా వెళ్ళాడు. ఈ సంగతి గమనించాలి. మా అన్న అక్కడ లేడు, దుకాణం దగ్గరున్నాడు.

"నువ్వన్న మాట నేను విన్నాను" అంది మేడమ్. "విని ఊరుకోవటమే మర్యాద అనుకున్నాను."

"మీది మర్యాదేనండి" అన్నాను. "నాదీ మర్యాదే. అక్కడే వచ్చింది చిక్కు."

మేడమ్ పెట్టెని పక్కకి జరిపి నా ఎదురుగా నిలబడింది. తర్వాత ఇలా అంది: "ఇప్పుడు నేను రెండోసారి అడిగితే ఏమంటావు?"

ఇంత సూటిగా మాట్లాడే మనిషి, మొదటిసారి నా దగ్గర "అడిగితే" అంది. మా పద్ధతి ప్రకారం రెండోసారికి "ఇప్పుడే తినొచ్చానండి" అనాలి. వాళ్ళ పద్ధతి ప్రకారం "సరే" అనాలి. అదిగో, రెండింటికీ మధ్య, అన్నాళ్ళూ నిద్రపోయిన నా నోరు లేచింది. వేలెత్తి అన్నాను:

"ఒక్కసారి అడిగి చూడండి, తెలుస్తుంది."

ఆ వేలు ఒకటి అని చెప్పడానికి ఎత్తిన వేలు. మా అన్న నీళ్ళ సీసాతో వస్తూ ఫోటో కొట్టింది సరిగ్గా అప్పుడే. మేడమ్ నోరు తెరిచింది కోపంతో కాదు, నవ్వుతో. ఫోటోలో నవ్వూ అరుపూ ఒకేలా ఉంటాయి, ఏం చేస్తాం? నవ్వు ఆగేలోపు రైలు వచ్చేసింది. పెట్టె, టికెట్టు, కంగారు, టాటా. ఆ ఫోటో ఆ రాత్రే మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. నా ఉద్యోగం ఎలా పోయిందో అందరికీ ఒకేసారి తెలిసిపోయింది. కానీ అప్పటికే ఆ ఉద్యోగం ఒకడు చేస్తున్నాడు కదండీ! పోయినదాన్ని మళ్ళీ ఎలా పోగొట్టుకుంటాను? ఈ మాట మా అన్నకి చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

సెలవు అయ్యాక వెనక్కి వెళ్ళాను. మేడమ్ ఆ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అడగాల్సింది ఆవిడ, చెప్పాల్సింది నేను, ఎవరి వంతు వాళ్ళకే ఉంది. పోలండ్ కుర్రాడు అనుమానం వచ్చిన ప్రతి గింజా నా బల్ల మీదకి తెచ్చేవాడు. మంచివాడే, నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి మేడమ్ వేరే దేశంలో కంపెనీకి మారిపోయింది. వెళ్ళేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపింది, అంతే.

తర్వాత అదే రేవులో ఇంకో కంపెనీవాళ్ళు లాబ్‌కి పెద్ద కావాలన్నారు. ఇంటర్వ్యూలో "మీరు ఈ బాధ్యత..." అనగానే "తీసుకుంటాను" అన్నాను. అవతలాయన మిగతా వాక్యం మింగేశాడు. చేరిన రోజు చేసిన మొదటి పని కుర్చీ ఎత్తు తగ్గించుకోవటం. ఆ లాబ్ చాలా ఏళ్ళు నడిపి, నాకు కావలసినప్పుడు తిరిగొచ్చాను. ఇప్పుడు తెనాలిలోనే రెండు గదుల్లో రేపల్లె మిల్లుల బియ్యం పరీక్ష చేస్తున్నాను. ఈ భాగం మా అన్న ఎవరికీ చెప్పడు. దీనికి ఫోటో లేదు.

మా అన్న కూతురు ఈమధ్యే ఉద్యోగానికని సింగపూర్ వెళ్ళింది. వద్దు అంటే వద్దే ఆ పిల్లకి. ఒకసారి అంటుంది, లేచి వెళ్ళిపోతుంది. అమ్మీ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. మొన్న ఫోన్లో మేనత్తనని కూడా చూడకుండా నన్ను దులిపేసింది.

"ఇదంతా రాసే బదులు ఆవిడకే ఒక మెసేజ్ పెట్టి అడగొచ్చుగా ఫుప్పూ?"

"ఏమని పెట్టనే?"

"ఉన్నదున్నట్టు. ఆ రోజు స్టేషన్‌లో నిజంగానే ఇద్దామని అడిగారా అని."

"ఇప్పుడెందుకులే" అన్నాను.

"ఇది మొదటి వద్దా, మూడో వద్దా?" అంది ఆ పిల్ల. నా నోరే వచ్చింది దానికి.

ఇంత నోరుండీ నేనింకా మెసేజ్ పెట్టలేదు. ఆ కుర్చీలో వేరే మనిషిని కూర్చోబెట్టినావిడ, నాకు ఇంకేదో ఇద్దామనుకుని అడిగిందో, మా అమ్మీ దగ్గర కొత్తగా నేర్చుకున్న ఆటని నా మీద ఆడి చూసిందో నాకు తెలియదు. సరేనని ఉంటే ఏమయ్యేదో అంతకంటే తెలియదు. మా అన్న ఫోటోలో ఆవిడ నోరు ఇప్పటికీ తెరిచే ఉంది. మేడమ్, ఆ సాయంత్రం తెనాలి ప్లాట్‌ఫాం మీద మీరు నన్ను అడిగారా, ఊరికే అడిగారా?